మిర్కాబ్‌లో అందరికీ ఒకే తాళం

ఈ రోజుల్లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఒక పాఠం చెబుతారట: వినియోగదారుడి వివరాలు అతని సొత్తు, మనం కాపలాదారులం మాత్రమే అని. చట్టాలు వచ్చాయి. జరిమానాలు వచ్చాయి. ఏ వెబ్‌సైటుకు వెళ్లినా గుమ్మంలోనే నిలబెట్టి అనుమతి అడుగుతోంది. మంచిదే. నేను కువైట్‌లో ఆ కాపలా కాసిన రోజుల్లో ఈ మాటలేవీ పుట్టలేదు. ఉన్నదల్లా ఒక సర్వర్ గది, దాని తాళం, ఆ తాళం ఉన్న మనిషి బుద్ధి. ఆ మనిషిని నేను. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఒక్క వారం సంగతి చెబుతాను.

ముందు నా గురించి కొంత చెప్పాలి. లేకపోతే నేను చేసినదాన్ని మీరు దయ అనుకునే ప్రమాదం ఉంది.

మా తాతగారి కాలంలో ఊరి పోస్టాఫీసు మా సావిట్లో ఉండేది. ఊళ్లో చదువొచ్చినవాళ్లు తక్కువ. వచ్చిన ఉత్తరాలను మా గుమస్తా అరుగు మీద కూర్చుని విప్పి చదివి వినిపించేవాడు. ఎవరి కొడుకు ఎక్కడ చిక్కుపడ్డాడో, ఎవరి కూతురు అత్తింటి నుంచి ఏమని రాసిందో, వాళ్లతోపాటే మాకూ తెలిసేది. మేము దాన్ని ఉపకారం అనుకున్నాం. ఊరు కూడా అలాగే అనేది, కనీసం మా ఎదుట. తర్వాత భూములు పోయాయి, రైసు మిల్లు వేలానికి పోయింది, సావిడి కూడా చేతులు మారింది. నా దాకా వచ్చినవి ఇంటిపేరు, ఇస్త్రీ చెడని చొక్కా వేసుకునే అలవాటు, ఎవరిముందూ వంగని నడుము. ఈ మూడింటితో ఒకరి కింద ఉద్యోగం చేయడం కష్టం. అయినా చేశాను.

కువైట్ సిటీలో మిర్కాబ్ దగ్గర మా ఆఫీసు. ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మే చిన్న కంపెనీ. అప్పటికి అందరూ టెలిఫోన్ లైను మీదే ఇంటర్నెట్‌కు వెళ్లేవారు. బకాలాలో, అంటే సందు చివరి కిరాణా కొట్లో, గీకే కార్డు కొనుక్కోవడం, దాని మీది నంబరు కొట్టి లైను కలుపుకోవడం, అంతే. కార్డుతోపాటు ఒక ఈమెయిల్ పెట్టె ఉచితం. ఎవరు ఏ కార్డుతో, ఏ టెలిఫోన్ నుంచి, ఎప్పుడు లైను కలిపారో మా యంత్రం రాసుకునేది. అది బిల్లు లెక్క కోసం పెట్టిన ఏర్పాటు. కానీ ఆ టెలిఫోన్ నంబరు ఏ ఇంటిదో తెలుసుకోవడం కువైట్‌లో పలుకుబడి ఉన్నవాడికి కష్టం కాదు. అంటే మనిషి ఎక్కడ దాక్కున్నా, ఒక్కసారి మెయిల్ చూసుకుంటే చాలు, ఎక్కడున్నదీ మా గదిలో తేలిపోతుంది. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

బయటి కౌంటర్లో ఒక కోనసీమ మనిషి ఉండేవాడు. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లలో సగంమందికి అతను అన్నయ్య, మిగతా సగానికి బాబాయి. శుక్రవారం సెలవు. ఆ రోజు జహ్రా నుంచీ హవల్లీ నుంచీ డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మిర్కాబ్ వచ్చేవారు. అతను సెలవు మానుకుని కౌంటర్ తెరిచి, ఒక్కొక్కరికీ మెయిల్ పెట్టె తెరిచి ఇచ్చేవాడు. ఊళ్లో నెట్ సెంటర్ వాడికి ఏమని చెప్పాలో కూడా నేర్పి పంపేవాడు. నన్ను ‘జమీందారు గారూ’ అని పిలిచేవాడు. అందులో వెటకారం ఎంతో, మర్యాద ఎంతో నేను తేల్చుకోలేదు. తేల్చుకుంటే పలకడం మానేయాల్సి వచ్చేది.

ఒక మంగళవారం మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు. ఆయన అరబ్బు. మంచి ఇంగ్లీషు, మంచి అత్తరు, మనుషులను నొప్పించని మాట. ఎదుటి సోఫాలో తెల్లని దిష్‌దాషాలో, అంటే పాదాల దాకా ఉండే అరబ్బు అంగీలో, ఒక యువకుడు కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. జహ్రాలో పెద్ద కుటుంబం, మేనేజరుకు కావలసినవాళ్లు. వాళ్లింట్లో వంటపని చేసే తెలుగు ఆవిడ వెళ్లిపోయి నెల దాటిందట. ఒప్పందం ముగిసినా ఇంటికి పంపలేదన్నది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు చెప్పినది ‘పారిపోయింది’ అన్న ఒక్క మాటే.

“ఆమెకు మన మెయిల్ ఉంది. ఇంటి డ్రైవరు చెప్పాడు. అది ఏ ఫోన్ నుంచి తెరుస్తోందో చూసి చెప్పు. ఒక్క నంబరు, అంతే,” అన్నాడు మేనేజరు.

“పోలీసు కాగితం ఉందా సార్?”

“కాగితం ఎందుకు? మన వాళ్లే.”

“అయితే మీరు రాసి సంతకం పెట్టండి. ఇస్తాను.”

మేనేజరు నవ్వాడు. అక్కడి పద్ధతి మీకు తెలియాలి. తెలిసినవాళ్లు వస్తే చాయ్ ఇస్తారు, పని అవుతుంది, కాగితం పుట్టదు. దాన్ని వాస్తా అంటారు. కాగితం అడిగేవాణ్ణి మర్యాద తెలియనివాడిగా చూస్తారు. సోఫాలోని యువకుడు నావైపు చూడకుండానే వేళ్లు చిటికె వేసి, “యల్లా, యల్లా,” అన్నాడు. తొందరగా కానివ్వు అని.

ఆ చిటికెతో నా నిర్ణయం అయిపోయింది. ఆవిడ ఎవరో, ఏ బాధ పడిందో ఆ క్షణాన నా మనసులో లేదు. మా ఇంట్లో పాలేర్లను కూడా మేము చిటికె వేసి పిలవలేదన్న ఒక్క ఆలోచనే ఉంది. పిలవలేదన్నది కూడా మా ఇంట్లో చెప్పుకునే మాట. పాలేర్లను అడగలేదు.

“సంతకం లేకుండా నా వల్ల కాదు సార్,” అన్నాను.

“ఆలోచించుకో,” అన్నాడు మేనేజరు మెల్లగా. “శనివారం మాట్లాడదాం.”

మర్నాడు కోనసీమ మిత్రుడు సర్వర్ గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆ గదిలోకి పిలవకుండా ఎవరూ రాకూడదని నేను పెట్టిన నియమం. అతను దాన్ని గౌరవించేవాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడే గంటసేపు మాట్లాడేవాడు.

“జమీందారు గారూ, ఆ జహ్రా డ్రైవరు నాకు పొద్దుట్నుంచి ఫోన్ల మీద ఫోన్లండి. ‘అన్నా, ఆమె మెయిల్ తెరిచి చూడు, యాడుందో అందులో ఉంటాది’ అంటాడు.”

“ఏమన్నారు?”

“నాకు చేతకాదన్నానండి. కానీ ఆడికి చేతనవుద్దండి. అదే భయం.”

“అతనికెలా చేతనవుతుంది? పాస్‌వర్డ్ కావాలి కదా.”

అతను గుమ్మం చెక్కను గోటితో గీకాడు. “పాస్‌వర్డ్ అందరికీ ఒకటేనండి.”

నేను కుర్చీ తిప్పాను.

“ఆళ్లు మర్చిపోతారండి. మర్చిపోతే నాకు ఫోన్ చేత్తారు. ఫోన్ చెయ్యాలంటే నా నంబరు కావాలి కదండీ. అందుకని నా మొబైల్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టేశాను. ఇంక మర్చిపోయేదేముందండి?”

మీరు నవ్వుకోవచ్చు. నేను నవ్వలేదు. అతని లెక్కలో తప్పు వెతకడానికి నాకు కొంతసేపు పట్టింది. అంత నిండుగా ఉంది ఆ ఉపకారం. ఆ నంబరు అతని విజిటింగ్ కార్డు మీద ఉంది. బకాలా గోడల మీద ఉంది. కువైట్‌లో ఆ నంబరు తెలియని తెలుగువాడు లేడు. ఆ డ్రైవరు పెట్టెకూ అదే తాళం. తన తాళమే ఆవిడ పెట్టెకూ పడుతుందని అతనికి ఇంకా తట్టలేదు, అంతే. ఒకసారి ఊరికే కొట్టి చూస్తే చాలు.

“ఆవిడ మెయిల్లో ఏముంటుంది?” అని అడిగాను.

“రాజోలు నుంచి ఆళ్ల తమ్ముడు రాత్తాడండి. ఇక్కడ ఎంబసీ చుట్టూ తిరిగి కాగితాలు చేయించేవాళ్లు కూడా అందులోనే రాత్తారు. ఏ రోజు ఎక్కడికి రావాలి, ఎవరితో రావాలి, అన్నీ. అది ఆ ఇంటోళ్ల చేతిలో పడితే తీసుకుపోయి మళ్లీ జహ్రాలో పెడతారండి. ఆవిడ ఇంక ఊరు చూడదు.”

అప్పుడు మా సావిడి గుర్తొచ్చింది. అరుగు మీద గుమస్తా, చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులు, గట్టిగా వినిపించే వాళ్ల ఉత్తరాలు. ఈ కోనసీమ మనిషి మా గుమస్తా కంటే మంచివాడు. మేము మాత్రం ఈ కంపెనీ కంటే మంచివాళ్లం కాకపోవచ్చు. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. పక్కన పెట్టి పని మొదలుపెట్టాను.

పాస్‌వర్డులు మా యంత్రంలో ఉన్నవి ఉన్నట్టు ఉండవు. గిలక్కొట్టి దాస్తుంది. కానీ అతని నంబరును కూడా అలాగే గిలక్కొట్టి పోల్చి చూస్తే, ఆ తాళం ఉన్న పెట్టెలన్నీ బయటపడతాయి. బయటపడ్డాయి. నేను ఊహించినదానికి ఎన్నో రెట్లు. తెలుగువాళ్లే కాదు, అతని దయ పొందిన మలయాళీలు, సింహళీయులు కూడా ఉన్నారు.

గురువారం మధ్యాహ్నం ఆ పెట్టెలన్నిటికీ ఒకేసారి తాళం వేశాను. తెరవాలంటే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. అది పెట్టుకునేది పెట్టె యజమానే అని తేలాలి. బతాకా చూపించమనవచ్చు, అంటే కువైట్ గుర్తింపు కార్డు. కానీ చాలామంది ఆడవాళ్ల బతాకా, పాస్‌పోర్టు కఫీల్ ఇంట్లోనే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే, ఉంటాయి. ఆవిడవి జహ్రాలో ఉన్నాయి. పైగా ఆవిడ మిర్కాబ్ వచ్చి కౌంటర్ ముందు నిలబడగలిగితే ఇంత గొడవే లేదు. నేను వేసిన తాళం ఆవిడను కాపాడుతూనే, ఆవిడనే బయట నిలబెట్టేసింది. ఆ ఎంబసీ కాగితాలవాళ్లు రాసినది అందకపోతే వెళ్లాల్సిన రోజు దాటిపోతుంది.

దీనికి నాకు తోచిన దారి గీకే కార్డు. ఈ మధ్య ఆ పెట్టెను ఏ కార్డుతో ఎక్కువసార్లు తెరిచారో యంత్రానికి తెలుసు. ఆ కార్డు ఇంకా పర్సులోనే ఉంటుంది. గంటలు మిగిలిన కార్డును ఎవరూ పారేయరు. దాని మీది నంబరు కొడితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. మా కౌంటర్లోనే కాదు, ఏ టెలిఫోన్ నుంచైనా. మామూలుగా ప్రతి పనికీ ఫోన్ నంబరు రాసుకునే ఆ యంత్రానికి, ఈ ఒక్క పని చేసేటప్పుడు రాసుకోవద్దని చెప్పాను.

ఇక మిగిలింది ఆ మాట తెరమీద రాయడం. ఇంగ్లీషులో రాసేశాను, తెలుగులోనూ కావాలి. అప్పట్లో ఆ తెరల మీద తెలుగు కనిపించేది కాదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లంటే నాకు చిన్నచూపు. మా తమ్ముడు అలా రాసిన మెయిల్‌కు నేను ఏడాదిపాటు జవాబివ్వలేదు. ఆ మధ్యాహ్నం నా చేత్తోనే అలా రాశాను. ‘మీ కార్డు నంబరు కొట్టండి. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి. అది ఎవరికీ చెప్పకండి, మాకు కూడా.’ ఇంత చిన్న మాటకు చాలాసార్లు చెరిపి రాయాల్సి వచ్చింది. చివరి రెండు మాటలూ మిత్రుడు చెబితే చేర్చాను.

సాయంత్రం కాకముందే మేనేజరు ఫోన్ చేశాడు. తన మెయిల్ తెరుచుకోవడం లేదట. నాకు ఆశ్చర్యం కలగలేదు. తాళం పడిన పెట్టెల్లో ఆయన పేరు చూసే వేశాను. కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన పెట్టె తెరిచి ఇచ్చిందీ మా కోనసీమ దాతే.

వెళ్లి నిలబడి, ఉన్న సంగతి చెప్పాను.

“అంటే నా పాస్‌వర్డూ...”

“ఆ డ్రైవరు పాస్‌వర్డూ ఒకటే సార్. జహ్రా వంటమనిషిదీ అదే.”

“ఎంతకాలంగా?”

“మీరు చేరినప్పటి నుంచి.”

ఆయన మెయిల్లో ఏముందో నాకు తెలియదు. తెలుసుకునే వీలున్నా ఏనాడూ చూడలేదు. అది మాత్రం చెప్పాను. ఆయన నా ముఖం చూసి నమ్మాడు. అది మా తాతల ముఖం. అబద్ధం చెప్పినా నమ్మేలా ఉంటుందని మా అమ్మ అనేది.

జేబులోని కాగితం తీసి బల్లమీద పెట్టాను. నాలుగు వాక్యాలు. ఎవరి వివరాలైనా, ఎవరడిగినా, అధికారం ఉన్నవాళ్ల రాతపూర్వక ఆదేశం లేకుండా ఇవ్వరాదు. అడిగినవాళ్ల పేరు రాసుకోవాలి. ఎవరి పాస్‌వర్డూ మరొకరికి తెలియరాదు. ఈ నియమం మేనేజరుకూ వర్తిస్తుంది.

ఆయన చివరి వాక్యం దగ్గర ఆగాడు. “నన్ను అవమానిస్తున్నావా?”

“మిమ్మల్ని కాపాడుతున్నాను సార్. రేపు ఎవరైనా వచ్చి మీ మెయిల్ అడిగితే, సోఫాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి నేనేం చెప్పాలి?”

కాగితం మళ్లీ మొదటి నుంచి చదివి సంతకం పెట్టాడు. కలం మూత పెడుతూ, “నీకు స్నేహితులు ఉండరు,” అన్నాడు. నిజమే చెప్పాడు.

శుక్రవారం మిర్కాబ్‌లో మా మెట్ల దాకా జనం. వచ్చినవాళ్లందరికీ కోపమే. కడప వైపు ఆడమనిషి ఒకావిడ కౌంటర్ మీద కార్డు విసిరినట్టు పెట్టింది.

“ఏంది సార్ ఇది? ఈ అన్నయితే పేరు చెప్తే తెరిచిచ్చేటోడు. నువ్వేమో కార్డంటావు, నంబరంటావు. మా ఇంట్లో మామా కూడా ఇన్ని ప్రశ్నలడగదు.” మామా అంటే పనిచేసే ఇంటి యజమానురాలు.

“మీ మామా మీ మెయిల్ చదివితే మీకు ఇష్టమేనా అమ్మా?”

“దాని గురించి రాసిందంతా అందులోనే ఉంది సార్,” అంది. లైన్లో నవ్వులు. ఆ తర్వాత కార్డు తీసుకుని, నన్ను అటు తిరగమని చెప్పి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. నేను తిరిగాను. ఆ రోజంతా గోడవైపు చూస్తూనే గడిపాను.

మిత్రుడికి పేర్లు గట్టిగా పిలవొద్దని ముందే చెప్పాను. ఆ పని అతనికి ఉపవాసం లాంటిది. “ఏవమ్మా, నువ్వు రా,” అని వేలుతో చూపించడంతో సరిపెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి అలిసిపోయి, “పేరు పెట్టి పిలవకపోతే మనిషిని పలకరించినట్టే లేదండి,” అన్నాడు.

జహ్రా డ్రైవరు పొద్దున్నే వచ్చాడు. తన పెట్టె తెరుచుకున్నాక, గొంతు తగ్గించి రెండో పేరు చెప్పాడు.

“మా ఇంట్లో చెల్లెలిది సార్. కార్డు పోగొట్టుకునింది.”

“కార్డు లేకపోతే బతాకాతో ఆవిడే రావాలి.”

“నువ్వు తెలుగోడివే గదా సార్. సాయం చేయకూడదా?”

“ఎవరికి?”

అతను కౌంటర్ చెక్క మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. “నేను కనిపెట్టి చెప్పకపోతే ఇఖామా రెన్యువల్ చెయ్యం అన్నారు సార్. ఖలాస్, ఇంటికి పంపిస్తామన్నారు. నాకు ఇద్దరు బిడ్డలు.”

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండటానికి అనుమతి, అది పోతే ఉద్యోగమూ పోతుంది. నియమం రాసేటప్పుడు దాని బరువు ఎవరి మీద పడుతుందో నాలుగు వాక్యాల్లో రాయలేం. పెద్ద సోఫాలో కూర్చున్నవాడి మీద మాత్రం పడదు.

అతను వెళ్లిపోలేదు. తలుపు పక్కన నిలబడి, మెట్లెక్కి వచ్చే ప్రతి ఆడమనిషి ముఖమూ చూశాడు. మిత్రుడు అతనికి చాయ్ తెప్పించి ఇచ్చాడు. ఇచ్చాడని నాకు కోపం వచ్చింది. తర్వాత పోయింది. షట్టర్ దించేటప్పుడు అతను నా దగ్గరికి వచ్చాడు.

“ఆమె రాలేదు సార్. ఇంట్లో అదే చెప్తా. దినమంతా నిలబడినా, రాలేదని. అది నిజమే గదా?”

“నిజమే,” అన్నాను.

అతని ముఖంలో అప్పుడు కనిపించినది నిరాశ కాదని నా అనుమానం.

శనివారం ఆ యువకుడు మళ్లీ వచ్చాడు. మేనేజరు నన్ను పిలిచి, సంతకం పెట్టిన కాగితం అతని ముందు పెట్టాడు. అరబ్బీలో చాలాసేపు మర్యాదగా మాట్లాడుకున్నారు. చివరికి మేనేజరు నావైపు తిరిగాడు.

“ఒక్కటి చెప్పు. ఆమె ఎక్కడుందో నీకు తెలుసా?”

“తెలియదు సార్.”

అది నిజం. ఒక్క ఆజ్ఞ కొడితే తెలిసేది. వారమంతా ఆ యంత్రం ముందే కూర్చున్నాను. చేయి అటు పోలేదని గొప్ప చెప్పుకోను. రెండుసార్లు పోయింది. ఆవిడ క్షేమంగా ఉందో లేదో చూద్దామన్న నెపంతోనే పోయింది. మా సావిట్లో ఉత్తరాలు విప్పింది కూడా ఆ నెపంతోనే. పిల్లలూ, ఈ ఉద్యోగంలో కష్టమైన భాగం దొంగలను ఆపడం కాదు. తెలుసుకోగలిగి, తెలుసుకోకుండా లేచి ఇంటికి వెళ్లడం. దానికి శిక్షణ ఎక్కడిస్తున్నారో నాకు తెలియదు.

ఆ యువకుడు చిటికె వేయలేదు. లేచి వెళ్లిపోయాడు. మేనేజరు ఆ తర్వాత నాతో పని మాటలే మాట్లాడాడు. రెండేళ్లకు నా కాంట్రాక్టు ముగిసినప్పుడు పొడిగించలేదు. కారణం రాతపూర్వకంగా అడిగాను. ఇచ్చారు. అందులో ఏ కారణమూ లేదు.

డ్రైవరు సంగతి మిత్రుడు కనుక్కున్నాడు. ఇఖామా ఇచ్చారట, నెలలు తిప్పించుకుని. ఆవిడ సంగతి నేను అడగలేదు. నేనే రాసిన నియమం కదా. పెట్టె తెరుచుకుందో లేదో కూడా చూడలేదు. కానీ ప్రతి ఉదయం సర్వర్ గది తాళం తీసేటప్పుడు ఆ ప్రశ్న నాకంటే ముందు లోపల ఉండేది.

ఆ ఏడు వేసవి వచ్చింది. సెలవు మీద రాజోలు వైపు తన ఊరికి వెళ్లొచ్చిన కోనసీమ మిత్రుడు ఒక రోజు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తాటాకు బుట్ట, దాని మీద గుడ్డ.

“పూతరేకులండి జమీందారు గారూ. మీకే ఇమ్మన్నారు. దారిలో కొన్ని నలిగినయ్యి.”

“ఎవరిమ్మన్నారు?”

అతను బుట్టను గుమ్మం లోపలికి, నియమం ఒప్పుకునేంత దూరం, జరిపాడు.

“చెప్పకూడదండి,” అన్నాడు. “అడిగినవాళ్ల పేరు రాసుకోమన్నారు కూడాను. రాసుకోమంటారా?”

వద్దన్నాను. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదటిసారి.